ఇప్పపువ్వు మీద వేసిన నింద

అబద్ధం ఆడాలని సంగీత ఆ రోజు ఖమ్మం బస్సెక్కలేదు. ఆ మాటకొస్తే ఆమె అబద్ధాలాడే మనిషే కాదు. ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న ఓ ఊళ్ళో ఏఎన్ఎం ఉద్యోగం ఆమెది. ఊరికీ, పక్కనున్న కోయగూడేనికీ ఆమె సిస్టరమ్మ. సిస్టరమ్మ నీళ్ళు కాచి తాగమంటే కాచి తాగేవాళ్ళున్నారు. సూదుల రోజు వచ్చిందంటే పని మానుకుని పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళున్నారు. అంతటి మనిషికి ఐదేళ్ళ కూతురి నోరు ఇంకొకరి ముందు తెరిపించాల్సి వచ్చేసరికి తల కొట్టేసినట్టయింది.

కూతురి పేరు జ్యోత్స్న. పేరు వెన్నెలే గానీ పళ్ళు అమావాస్య. పైన ముందు పళ్ళు నాలుగూ చిగుళ్ళ దాకా అరిగిపోయి నల్లగా మోళ్ళలా ఉన్నాయి. కింద దవడ పళ్ళలో రెండు వైపులా గుంటలు. బడిలో ఫోటో తీసిన రోజు, పెదాలు మూసుకుని నిలబడమని సంగీతే నేర్పి పంపింది. ఊరందరి పిల్లల బరువులు తూచి, గోళ్ళు చూసి, చేతులు కడుక్కోమని చెప్పే తల్లి మరి.

పళ్ళ డాక్టరు శ్యామల ఆస్పత్రి ఖమ్మం బస్టాండుకు దగ్గరలో ఒక మేడమీద ఉంది. డాక్టరమ్మ నెమ్మదిగల మనిషి. కుర్చీలో కూర్చున్న జ్యోత్స్నతో పిల్లుల కబుర్లు చెబుతూనే చిన్న అద్దం పెట్టి నోరంతా చూసింది. తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగింది.

"ముందు పళ్ళు ఇంకో ఏడాది రెండేళ్ళలో ఎలాగూ ఊడిపోయేవే. వాటికి ఎక్కువ హైరానా వద్దు. ఆలోచించాల్సింది వెనక దవడ పళ్ళ గురించి. అవి పాపకు పది పదకొండేళ్ళు వచ్చేదాకా ఉండాలి. ఇప్పుడే పీకేస్తే పక్క పళ్ళు జరిగొచ్చి, కింద నుంచి రావాల్సిన పళ్ళకు జాగా లేకుండా పోతుంది."

"మరేం చెయ్యాలె మేడం?" అన్నాడు జగదీష్. అతను సంగీత భర్త, కరెంటాఫీసులో లైన్‌మన్. గాలివాన వస్తే చాలు, ఏ తీగ ఎక్కడ తెగిందోనని ఇల్లొదిలి పోయే ఉద్యోగం.

డాక్టరమ్మ బల్ల మీదున్న నమూనా దవడను దగ్గరకు లాక్కుంది. "రెండు దారులున్నాయి. ఒకటి, పుచ్చు గీకేసి తెల్ల సిమెంటుతో నింపటం. చూడ్డానికి పన్నులాగే ఉంటుంది. రెండోది ఇదిగో, ఈ స్టీలు టోపీ. పన్నంతా మూసేటట్టు తొడిగేస్తాం. పన్ను ఊడే రోజున దాంతోపాటే ఊడిపోతుంది."

టోపీ చూడగానే జగదీష్ ముఖం ముడుచుకుపోయింది. "ఆడపిల్ల నోట్లె ఇనుమేంది మేడం. నవ్వితే మెరుస్తది. తోటి పిల్లలు ఊకుంటరా?"

"అందం సంగతి తర్వాత చూద్దాం. ఏది వేయాలనేది నేను ఒక్క విషయాన్ని బట్టి చెబుతాను," అంది డాక్టరమ్మ. "ఐదేళ్ళకే నోరు ఇంతలా పాడవటానికి కారణం ఏదో ఉంటుంది. అది ఆగిపోయేదైతే సిమెంటు నిలుస్తుంది. ఆగనిదైతే సిమెంటు అంచుల్లోంచి మళ్ళీ పుచ్చు పడుతుంది, పడ్డ కష్టమంతా మట్టిలో కలుస్తుంది. అప్పుడు పన్నంతా కప్పేసే టోపీయే నయం. నిజం చెప్పండి. రాత్రి పడుకోబోయే ముందు పాపకేమిస్తారు? పాలసీసా ఉందా? తియ్యటి మందులు, సిరప్పుల్లాంటివి?"

సంగీత గుండెల్లో రాయి పడింది.

ఉంది. సిరప్పే ఉంది. జ్యోత్స్నకు రెండున్నరేళ్ళప్పుడు పెద్ద జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి రాత్రంతా పిల్ల నిద్రపోలేదు, తల్లిని నిద్రపోనివ్వలేదు. జలుబు మందు ఒక మూత పోస్తే తెల్లారేదాకా కదలకుండా పడుకుంది. మర్నాడూ పోసింది. జగదీష్ తీగల వెంట తిరుగుతుండేవాడు. ఆరోగ్య సబ్ సెంటరు వెనక క్వార్టర్లో సంగీత ఒక్కతే. పొద్దున్నే గూడెం పోవాలి, తండా పోవాలి, ఎక్కడ ఎవరికి నొప్పులొస్తే అక్కడికి పరుగెత్తాలి. పిల్ల అర్ధరాత్రి లేచి ఏడ్చే రాత్రులను తలచుకుంటేనే ఆమెకు భయం వేసేది. జలుబు తగ్గింది, మందు మాత్రం తగ్గలేదు. ఒకసారి ఏన్కూరులో కొనేది, ఇంకోసారి కల్లూరులో కొనేది, మెడికల్ షాపువాళ్ళు మొహం గుర్తుపెట్టుకుని ఎందుకమ్మా ఇన్ని సీసాలని అడుగుతారేమోనని. బియ్యం డబ్బా వెనక దాచేది. జగదీష్‌కు తెలియకుండా వంటింట్లోనే పోసేది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు డాక్టరు చెప్పకుండా మందులు పోయొద్దని ఊరూరా తిరిగి చెప్పే నోటితోనే, "నోరు తెరువు బిడ్డా" అనేది.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పాలి. పక్కన మొగుడు కూర్చున్నాడు. డాక్టరమ్మ అడిగే తీరు చూస్తే తిట్టే మనిషిలా లేదు, చెబితే వినే మనిషిలాగే ఉంది.

"రాత్రిపూట ఏమీ ఇవ్వం మేడం," అంది సంగీత.

"మరి పగలు?"

ఆ చూపుకు ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. ఆ ఏదో ఒకటి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

"ఇప్పపువ్వు మేడం. నేను డ్యూటీకి పోయినప్పుడు పాపను చూసుకునే ముత్తక్క అని ఒక కోయామె ఉన్నది. ఎండబెట్టిన ఇప్పపువ్వు పెడతది, తియ్యగ ఉంటది. ఎంత చెప్పినా వినదు."

ఎంత చెప్పినా వినదట! ఎవరడిగారు ఆ ముక్క? ముత్తక్కకు సంగీత చెప్పిందీ లేదు, ముత్తక్క విననిదీ లేదు. కిందటేడు వేసవిలో ఒకే ఒకసారి, వేయించిన ఇప్పపువ్వులు నాలుగు పిల్ల అరచేతిలో పెడుతుంటే సంగీత చూసింది. చూసి నవ్వి, తనూ ఒకటి నోట్లో వేసుకుంది. అంతవరకే జరిగింది. కానీ అబద్ధం ఒంటరిగా నిలబడలేదేమోనని భయపడే వాళ్ళు దానికి ఇంకో తోకను తగిలిస్తారు చూడండి, సంగీత అదే చేసింది.

డాక్టరమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "ఎండు పూలు పళ్ళకు అతుక్కుంటాయి, నిజమే. అదొక్కటే అయితే ఆపటం మీ చేతిలో పని. ఆపేయండి. అయితే తెల్ల సిమెంటే వేద్దాం."

ఇనుము తప్పినందుకు జగదీష్ సంబరపడిపోయాడు. జ్యోత్స్న ఏడ్చి గోల చేసింది, తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు, తల్లి తల పట్టుకుంది. మరోసారి పోయొచ్చేసరికి దవడ పళ్ళన్నీ తెల్లగా తయారయ్యాయి.

సంగీత అనుకున్నదేమిటంటే, ఆ రాత్రి నుంచే మందు మానేస్తే సరిపోతుందని. మానేస్తే అబద్ధం కూడా సగం నిజమైపోతుందని. మొదటి రాత్రి మానేసింది కూడా. పిల్ల లేచి కూర్చుని గుక్కపట్టి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళకు పోలియో చుక్కల పని. ఈ ఒక్క రాత్రికేలే అని బియ్యం డబ్బా జరిపింది. తర్వాత అలాంటి ఒక్క రాత్రులు చాలా వచ్చాయి.

ఇంట్లో సంగతి అది. ఇక గూడెంలో సంగతి.

జగదీష్ ఊరుకునే రకం కాదు. ఖమ్మం నుంచి వచ్చిన మర్నాడే ముత్తక్క గుడిసె ముందు బండాపి, అందరూ వింటుండగా దులిపేశాడు. "నమ్మి పిల్లను అప్పజెప్తే నోరంత నాశనం చేస్తివి. నీకు పిల్లల్ని పెంచుడు వచ్చా అసలు?" బడిపంతులు కూడా తన కొడుకును ముత్తక్క దగ్గరే వదిలేవాడు, ఆ మాట విని మర్నాటి నుంచి మానేశాడు.

సాయంత్రం ముత్తక్క సబ్ సెంటరుకు వచ్చింది. పోట్లాటకొచ్చిందనుకుంది సంగీత. పోట్లాటకొచ్చినా బాగుండేది. ముత్తక్క అరుగు కింద నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకెరుక లేకపాయె సిస్టరమ్మా. తాతల కాన్నుంచి తినేదే గద అనుకున్న. మా పిల్లలందరు గదే తిని పెరిగిండ్రు. పండ్లు గిట్ల పుచ్చుతయని నాకేం ఎరుక. పొరపాటాయె."

చదువుకున్న సిస్టరమ్మ చెప్పిందంటే నిజమే అయి ఉంటుందని ముత్తక్క నమ్మేసింది. ఎప్పుడో పెట్టిన నాలుగు పూలను తలచుకుని, తన చేతులతోనే పిల్ల నోరు పాడుచేశానని నమ్మేసింది.

"పోనీలే ముత్తక్కా," అంది సంగీత.

పోనీలే అన్నదమ్మా! క్షమించేసింది మహాతల్లి. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు ఎంత మెత్తగా ఉందో సంగీతకే వినపడింది. ముత్తక్క వెళ్ళిపోయాక తలుపేసుకుని, వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, లేచి అన్నం వండింది.

ఆ తర్వాత వచ్చిన సూదుల రోజున గూడెం ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. అందులో ఒకామె చంటిదానికి సూది వేయించుకుంటూ అడిగింది. "సిస్టరమ్మా, పిల్లలకు ఇప్పపువ్వు పెట్టొద్దంట గద? ముత్తక్క ఇంటింటికి తిరిగి చెప్తాంది. నువ్వే చెప్పినవంట."

అందరూ సంగీత వైపు చూశారు. వాళ్ళు వేసవి పొద్దుల్లో చీకటుండగానే లేచి అడవిలో ఏరుకొచ్చి, ఎండబెట్టి, వానాకాలానికి దాచుకునే తిండి అది. ఇంట్లో గింజలు తక్కువైన రోజుల్లో పిల్లల చేతుల్లో పెట్టేది అదే. అది సంగీతకు తెలుసు. లేదు, అది నేను అన్న మాట కాదు అనటానికి అంతకంటే మంచి అవకాశం రాదని కూడా తెలుసు.

"కొంచెం తగ్గించాలె," అంది, సూది మందు సీసా వైపు చూస్తూ. ఆడవాళ్ళు తలలూపారు. సంగీత తర్వాతి చంటిదాన్ని పిలిచింది.

వానలు మొదలయ్యాక జ్యోత్స్న పళ్ళ అంచులు గోధుమరంగుకు తిరిగాయి. సంగీత టార్చిలైటు వేసి చూసింది, చూసి టార్చి ఆర్పేసింది. పెసరచేలు కోతకొచ్చే నాటికి పిల్ల ఎడమ చెంప బూరెలా పొంగింది. ఒళ్ళు కాలిపోతోంది. జగదీష్ ఖమ్మానికి ఫోను చేస్తే, పొద్దున్నే పరగడుపున తీసుకురమ్మంది డాక్టరమ్మ.

"ముసల్ది మళ్ళ పెట్టింది," అన్నాడు జగదీష్. "బడి నుంచి వచ్చేటప్పుడు గూడెం మీదికెళ్ళే వస్తది గద పిల్ల. దాన్ని కూడ ఖమ్మం తోలుకపోదాం. నేనడిగితే చెప్పదు, డాక్టరమ్మే అడుగుతది."

"ఆమెనెందుకు? వద్దు," అంది సంగీత.

"నీకు మెత్తదనం ఎక్కువైంది. అందుకే గిట్లయింది."

ముత్తక్క పిలవగానే వచ్చింది. ఎందుకని అడగలేదు. బస్సులో జ్యోత్స్నను తనే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పిల్ల నొప్పికి కేకలు పెడుతుంటే బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఎవరో ఒకావిడ, "తల్లెవరమ్మా, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నరు?" అని అడిగింది. సంగీత కిటికీలోంచి బయటకు చూసింది.

తల్లాడలో బస్సాగితే జగదీష్ టీ తాగటానికి దిగాడు. అదే అదనుగా సంగీత సంచిలోంచి సీసా తీసి, మూతనిండా పోసి పిల్ల నోట్లో వంపింది.

"ఏంది సిస్టరమ్మా గది?" అంది ముత్తక్క.

"జ్వరం మందు."

కాసేపటికి పిల్ల కేకలు తగ్గాయి, కళ్ళు మూతలు పడ్డాయి. మంచి మందు అనుకుంది ముత్తక్క.

డాక్టరమ్మ జ్యోత్స్న నోట్లో అద్దం పెట్టి ఒక్కో పన్ను చుట్టూ చూసింది. "సిమెంటు చుట్టూ కొత్తగా పుచ్చు తొలిచింది. ఇది నాలుగు నెలల్లో జరగాల్సింది కాదు. తీపి ఆగలేదు," అంది చివరకు. గోడకు ఆనుకుని నిలబడ్డ ముత్తక్క వైపు తిరిగింది. "అమ్మా, మీరేనా ఇప్పపువ్వు పెట్టేది? మిమ్మల్ని ఏమీ అనను. ఇప్పటికీ పెడుతున్నారా?"

"లేదు డాక్టరమ్మా. అప్పుడు పెట్టిన, తప్పే. సిస్టరమ్మ వద్దన్నంక నేనొక్కటి పెట్టలే. నా ఇంట్లనే లేకుంట చేసిన."

జగదీష్ ఏదో అనబోతే డాక్టరమ్మ చేత్తో ఆపింది. ఆమె ముఖంలో నమ్మకమూ లేదు, అనుమానమూ లేదు. లెక్క కుదరనప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"సరే. ఎడమవైపు పన్ను వేరు దాకా చీము పట్టింది, దాన్ని తీసేయాలి. మిగతావాటి సంగతి ఆలోచిస్తాను. పాప కిందటిసారే చాలా కొట్టుకుంది. అందుకని కొంచెం నిద్రమందు పోసి, మత్తుగా ఉన్నప్పుడు చేస్తాను. పొద్దుటినుంచి ఏమీ తినలేదు కదా? ఏ మందూ వేయలేదు కదా?"

"లేదు మేడం," అంది సంగీత.

అలవాటుకొద్దీ వచ్చేసింది ఆ మాట. తల తిప్పేసరికి ముత్తక్క తననే చూస్తోంది. బస్సులో కళ్ళారా చూసిన మనిషి. ముత్తక్క పెదవి కదిలింది, మళ్ళీ ఆగిపోయింది. సిస్టరమ్మకు తెలియదా, చెప్పకూడనిదేదో ఉండి చెప్పటం లేదేమో అనుకున్నట్టుంది. సంగీత చూపు తిప్పుకుంది.

డాక్టరమ్మ చిన్న ప్లాస్టిక్ గ్లాసులో మందు కొలిచింది. గులాబి రంగు. సంగీత ఆ గ్లాసునే చూసింది. మత్తు మందు మీద మత్తు మందు. చిన్నపిల్లలకు ఊపిరి నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగుతుంది. ట్రైనింగులో చెప్పిన సంగతే, తెలియనిది కాదు. బస్సులో పోసింది ఒక్క మూతే కదా అనుకుంది. అప్పుడే రెండు గంటలు దాటింది కదా, ఈపాటికి దిగిపోయి ఉంటుంది కదా అనుకుంది. ఏమీ కాదులే అనుకోవటానికి ఆమె ఎంత దూరం పోవాలో అంత దూరమూ పోయింది. మొగుడి ముందు, ముత్తక్క ముందు నోరు తెరవటం కంటే అదే సుఖంగా తోచింది ఆ తల్లికి.

సగం మగతలో ఉన్న జ్యోత్స్న గ్లాసు చూసింది. ఏ పిల్లయినా మందంటే మూతి బిగిస్తుంది, తల తిప్పుతుంది. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే లేచి కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచింది. మింగాక తుడుచుకోవటానికి గౌను అంచు కూడా ముందే చేత్తో పట్టుకుంది.

"అబ్బ, బంగారుతల్లీ. మందంటే ఇంత బుద్ధిగా తాగే పిల్లను నేనెప్పుడూ చూడలేదు," అంది డాక్టరమ్మ, గ్లాసు పెదాల దగ్గరకు తెస్తూ.

సంగీత చెయ్యి మధ్యలోకి వచ్చింది. గ్లాసు తొణికి మందంతా ఆమె చీర మీద పడింది.

"పొయ్యొద్దు మేడం. బస్సుల జలుబు మందు పోసిన."

డాక్టరమ్మ పాప ముక్కు వైపు చూసింది.

"జలుబు ఉందా పాపకు?"

"లేదు."

"మరెందుకు పోశారు?"

"ఏడవకుంట పడుకుంటదని."

డాక్టరమ్మ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాతి ప్రశ్న ఆమె అడగక ముందే సంగీతకు తెలుసు. "ఇంట్లో కూడా పోస్తారా?"

"రోజు పోస్త. రెండున్నరేండ్లప్పటి సంది. పడుకునే ముంగట. ఇప్పపువ్వు గిట్ల ఏం లేదు మేడం. ముత్తక్క ఎప్పుడో ఒక్కసారి పెట్టింది, నేను కూడ తిన్న. అది నేను మీకు అబద్ధం చెప్పిన."

జగదీష్ పెళ్ళాన్ని ఎప్పుడూ చూడనట్టు చూసి, బయటకు పోయి మెట్ల మీద నిలబడ్డాడు. డాక్టరమ్మ అరిచి ఉంటే సంగీత కాస్త తట్టుకునేదేమో. ఆమె అరవలేదు.

"మీరు నర్సు కదండీ," అంది.

సంగీత తల దించుకుంది. భూమి చీలితే బాగుండునని అంటారు కానీ, ఆమెకు అంత పెద్ద కోరికలేమీ లేవు. ఆ కుర్చీ వెనక్కి పోయి ఎవరికీ కనిపించకుండా కూర్చుంటే చాలనిపించింది.

"ఎండాకాలంలో ఈ మాట చెప్పి ఉంటే నేను సిమెంటు వేసేదాన్నే కాదు," అంది డాక్టరమ్మ. "అప్పుడే టోపీలు తొడిగితే ఈ పన్ను కూడా దక్కేది. సరే, ఇప్పుడు చేయాల్సింది చూద్దాం. నిద్రమందు లేదు. చిగుళ్ళకు తిమ్మిరి సూది వేసి ఈ పన్ను తీసేస్తాను. ఆ జాగా మూసుకుపోకుండా తర్వాత చిన్న తీగ కడతాను. వాపు తగ్గాక మిగతా మూడింటికీ స్టీలు టోపీలు. ఇంట్లో ఆ సీసా పారేయండి. కొన్ని రాత్రులు పాప నిద్రపోదు, మీరూ మేలుకునే ఉండాలి. ఇక దానికి వేరే దారి లేదు."

పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టుకునే వాళ్ళు ఒకరు కావాలంటే, సంగీత ముందుకొచ్చింది. జ్యోత్స్న తల్లి చేతుల్లోంచి జారి, ముత్తక్క వైపు రెండు చేతులూ చాపింది. ముత్తక్క కుర్చీలో కూర్చుని పిల్లను గుండెకు అదుముకుంది. పన్ను ఊడేదాకా ఆ పట్టు సడలలేదు. సంగీత తలుపు దగ్గర నిలబడి చూసింది.

పోయేటప్పుడు జగదీష్ లోపలికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా డాక్టరమ్మతో చెప్పాడు. "ఇనుమో, ఇత్తడో, మీరేదంటే అదే వెయ్యండి మేడం."

తిరుగు బస్సులో అతను పిల్లను తీసుకుని డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. సంగీత, ముత్తక్క వెనకాల పక్కపక్కన కూర్చున్నారు. తల్లాడ దాటింది. ఏన్కూరు వచ్చింది. అప్పటిదాకా మాట కూడదీసుకుంటూనే ఉంది సంగీత.

"తప్పయింది ముత్తక్కా."

ముత్తక్క కిటికీలోంచి అడవి వైపు చూస్తోంది.

"ఎండకాలంల మా కొడుకు బిడ్డ ఇంట్ల దాసిన ఇప్పపువ్వు గుప్పెడు దీసి నోట్లె పోసుకున్నది. సిస్టరమ్మ వద్దన్నది, పండ్లు పోతయ్ అని వేలు వెట్టి గుంజిన. అది పండ్లు బిగవట్టింది. చెంప మీద కొట్టిన. ఎన్నడు కొట్టలే సిస్టరమ్మా దాన్ని. తల్లి లేని పిల్ల. గప్పటి సంది నా పక్కల పండది."

ముత్తక్క ఇటు తిరిగింది.

"నన్ను నలుగుర్ల మాటలనిపిచ్చినవ్. కోపం లేదని నేననను, ఉన్నది. గాని గది ఎట్లనో ఓర్సుకుంటి. గా పిల్లకు ఏం జెప్పాలె? గది నువ్వు జెప్పు."

గూడెం మలుపులో బస్సాగింది. ముత్తక్క దిగింది. సంగీత కూడా లేచి, మొగుడికి ఏమీ చెప్పకుండా ఆమె వెనకే దిగింది. ముత్తక్క వెనక్కి తిరిగి చూసింది. రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

వాన వెలిసిన సాయంత్రం. గుడిసె ముందు ఆరేళ్ళ పిల్ల గొంతుక్కూర్చుని, కాల్చిన మక్కకంకి గింజలు ఒలుచుకుని తింటోంది. అలికిడికి తలెత్తింది. నాయనమ్మ వెనక వస్తున్న సిస్టరమ్మను చూసి దిగ్గున లేచింది. నోట్లో ఉన్న మక్కగింజలన్నీ గబగబా చేతిలోకి ఉమ్మేసి, చెయ్యి వెనక్కి దాచుకుంది. ఇంకేమీ లేదని చూపించటానికి, ఎవరూ అడక్కుండానే సంగీత ముందు నోరంతా తెరిచి నిలబడింది.

సంగీత ఆ పిల్ల ముందు తడి నేల మీద కూర్చుంది. వెనక్కి దాచిన చేతిని మెల్లగా ముందుకు తెచ్చి, గింజలున్న ఆ పిడికిలిని పట్టుకుంది. పిల్ల మాత్రం నోరు మూయలేదు.